మాతెర్ గడిలో రాయని పేరు

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు, డాక్టరు చదువు మొదటి సంవత్సరంలో ఉన్న పిల్ల, లావుపాటి అనాటమీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని మా వరండాలో కూర్చుని, మెదడు మీద మూడు పొరలుంటాయనీ, అన్నిటికన్నా పైనుండే గట్టి పొరను డ్యూరా మేటర్ అంటారనీ, మెదడును అంటిపెట్టుకొని ఉండే పలచని పొరను పియా మేటర్ అంటారనీ బట్టీ పడుతూ పడుతూ, ఉన్నట్టుండి తలెత్తి నన్ను అడిగింది.

"చిన్నవ్వా, నీకు లాటిన్ వచ్చంట కదా. ఈ మేటర్ అంటే ఏంది?"

తల్లి అని చెప్పాను. డ్యూరా అంటే కఠినమైనదనీ, పియా అంటే దయగలదనీ, మెదడును పైనుంచి ఒక కఠినమైన తల్లీ లోపల ఒక దయగల తల్లీ కప్పుకొని కాపాడుతుంటారని ఆ పేర్లు పెట్టినవాళ్ళ ఊహ అనీ చెప్పాను. పిల్ల నవ్వి పేజీ తిప్పేసుకుంది. చేతిలోని చిక్కుడుకాయలు ఈనెలు తీయకుండానే నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ ఒక్క మాట చదవడం తెలిసినందుకు, నా జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ పాడుపని ఒకటి చేశాను నేను. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా వయసు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు, తిట్టినా అర్థం చేసుకుని తిడతారు.

సునామీ రావడానికి ముందు సంవత్సరం సంగతి. అప్పటికి నా భర్త పోయి మూడేళ్ళు, పిల్లలు లేరు, ముత్తియాల్‌పేటలోని పుట్టింటికి తిరిగొచ్చి ఉన్నాను. మాది ఎన్ని తరాల క్రితమో, ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ తమిళ ఊళ్ళో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఫ్రెంచి. తెలుగు మాట్లాడటమే గానీ అక్షరాలు నాకు నలభై దాటాక గానీ పట్టుబడలేదు, కాబట్టి ఇందులో తప్పులుంటే మన్నించాలి. ఆ ఇంట్లో మా నాన్న పేరుకే యజమాని. పెత్తనమంతా మా అవ్వది, అంటే నాన్న తల్లిది. ఇరవై రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని, ఒక్కగానొక్క కొడుకును పెంచి, ఎనభై దాటినా గోడకు ఆనుకోకుండా గడప పక్కన పీట మీద నిటారుగా కూర్చునేది. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఏ ఆడపిల్ల ఎవరితో మాట్లాడిందో, ఏ కోడలు ఎంత గొంతుతో నవ్విందో ఆమెకు తెలియకుండా పోయేది కాదు. ఆమె ఒక మాట అంటే ఆ ఇంటికి పెళ్ళి సంబంధం రావడం ఆగిపోయేది. చిన్నపిల్లలు మా గుమ్మం ముందు అడుగుల చప్పుడు వినపడకుండా నడిచేవాళ్ళు, అబద్ధం కాదు.

ఇంత రాసి మా అక్క సంగతి రాయకపోతే అవ్వ ఎలాంటిదో మీకు అంతుపట్టదు. మా అక్క కాలాపేటలో టీచరుగా ఉన్న ఒక క్రైస్తవ అబ్బాయిని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. ఆ కబురు తెలిసిన పొద్దున అవ్వ ఇంట్లో అందరినీ బావి దగ్గర నిలబెట్టి, చావుకు పోసుకున్నట్టు తలమీద నీళ్ళు పోయించింది. నాకప్పుడు పదమూడేళ్ళు. తడిబట్టలతో వణుకుతూ నేను ఏడిస్తే, చచ్చినదాని కోసం ఈ ఒక్కరోజే ఏడవాలని, రేపట్నుంచి ఏడిస్తే వాత పెడతానని చెప్పింది. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో అక్క పేరు ఎవరూ పలకలేదు. మా నాన్న పెరట్లో అరటిచెట్ల వెనక నిలబడి ఒకసారి కళ్ళు తుడుచుకోవడం చూశాను, నన్ను చూసి దోమలు అన్నాడు.

అలాంటి అవ్వ, నేను విధవనై వచ్చిన ఇంట్లో, నన్ను ఉద్యోగానికి పొమ్మన్నదంటే ఎవరికీ నమ్మకం కలగలేదు. అదీ ఏ బడిలోనో కాదు. పెద్దకాలువకు అవతల వీధిలో పాత కాగితాలు ఫ్రెంచిలోకి మార్చి ఇచ్చే ఆఫీసు ఒకటుండేది, ముసలాయన ఒకరు నడిపేవారు, ఆయనకు ఫ్రెంచి చదివిన మనిషి కావాలని ఎవరో చెప్పగా విని, నాన్న వద్దంటున్నా వినకుండా అవ్వే పట్టుబట్టింది. ఇంట్లో కూర్చుంటే కుళ్ళిపోతావు, పో అంది. మాకంతా ఆశ్చర్యం. వయసు మీదపడి మెత్తబడింది అనుకున్నాం.

ఆ ముసలాయనను మేం పెద్దసారు అనేవాళ్ళం. మా దగ్గరకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తాతముత్తాతల పుట్టుక రుజువు చేసుకుని ఫ్రెంచి పౌరసత్వం అడుగుదామనుకునే వాళ్ళు. వాళ్ళు పేరూ సుమారుగా పుట్టిన ఏడూ చెబితే, నేను ఒక పాత చర్చికి వెళ్ళి, అక్కడ చీకటి గదిలో బల్ల ముందు కూర్చుని, ముట్టుకుంటే పొడి రాలే లాటిన్ రిజిస్టర్లు తిప్పి, కావలసిన పేజీ దొరికితే చేత్తో కాగితం మీదికి ఎక్కించుకు రావాలి. పేజీలు పాడవుతాయని జెరాక్సు తీయనిచ్చేవాళ్ళు కాదు. నా కాగితం చూసి పెద్దసారు అనువాదం చేసి, సంతకం పెట్టి, ముద్ర వేసేవారు. ఆయన మళ్ళీ రిజిస్టరు చూడరు, మోకాళ్ళు సహకరించేవి కావు. చర్చి గదిలో ఏముందో తెలిసేది నా కళ్ళకూ నా చేతికీ మాత్రమే.

నాకు లాటిన్ రాదంటే ఆయనే నేర్పారు, టీ తాగుతూ, ఒక్కో మాటా. మొదట నేర్పింది మాతెర్, పిల్ల పుస్తకంలోని మేటరే. రిజిస్టరులో గడులుండేవి: బిడ్డ, పాతెర్ అంటే తండ్రి, మాతెర్ అంటే తల్లి, తరువాత జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడినామె. తల్లి అంటే కన్నది మాత్రమే కాదని ఆయన చెప్పేవారు. పాలిచ్చినదీ అదే మాట, పుట్టిన ఊరూ అదే, కొమ్మలన్నీ పుట్టే చెట్టు మానూ అదే. ఆ మానులోంచే కలప, కలపలోంచి మెటీరియల్ అనే మాట. వీధికొకటి ఉన్న మెట్రిక్యులేషన్ స్కూళ్ళ పేరు కూడా దాని కడుపునే పుట్టిందట, ఎందుకంటే గర్భానికి పెట్టిన పేరునే ఆ కాలం వాళ్ళు పేర్ల పట్టికకూ పెట్టారు. ఈ రిజిస్టరు కూడా ఒక తల్లే అమ్మా, కన్నవాళ్ళు మరిచిపోయినా ఇది మరిచిపోదు, కాబట్టి చూసిందే రాయి, నీ సొంతం ఒక్క చుక్క కూడా కలపకు అని ఆయన నాకు పెట్టిన నియమం. అనాథ పిల్లల పేజీల్లో తల్లి గడిలో ఎక్కువగా ఇగ్నోత అని ఉండేది. తెలియదు అని. ఆ మాట ఎన్నిసార్లు రాశానో, రాసి రాసి నా చెయ్యి దానికి అలవాటుపడిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే, అవ్వ పీట మీద నుంచే అడిగేది.

"ఈపొద్దు ఎవురొచ్చినారు?"

ఎవరో మొగవాళ్ళ సంగతి చెప్పబోతే చెయ్యి విసిరేది. ఆడవాళ్ళు ఎవరొచ్చారు, వయసెంత, యాడి వాళ్ళు, ఇవే కావాలి. ఒక్క సాయంత్రం కూడా మానేది కాదు. పక్కవీధి కబుర్లు పాతబడి కొత్తవి కావలసి వచ్చి నన్ను ఉద్యోగానికి తోసిందని నేను నవ్వుకునేదాన్ని.

ఒకరోజు బాహూరు నుంచి ఒకామె వచ్చింది. అరవై ఏళ్ళకు దగ్గర్లో ఉంటుంది, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీర, చేతిలో గుడ్డసంచి, మెడలో సిలువ. నన్ను చూడగానే తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది, అదీ తమిళపు యాసతో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. సిస్టర్ల అనాథాశ్రమంలో పెరిగిందట. ఎంబ్రాయిడరీ నేర్పించి, బాహూరులో ఒక రైతుకిచ్చి పెళ్ళి చేశారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, భర్త పోయాడు. ఆమెకు పౌరసత్వమూ వద్దు, ఆస్తీ వద్దు. తల్లి పేరు కావాలి. బతికుంటే ఒక్కసారి చూడాలి, పోయుంటే ఆ పేరుతో చర్చిలో ఒక పూజ చెప్పించుకోవాలి. అంతే.

"అత్తా, తెలుగు యాడ నేర్చుకున్నారు?" అని ఊరికే అడిగాను.

"పక్కింటోళ్ళ దగ్గర పాపా. మా యమ్మ తెలుగుదని ముసలి సిస్టరొకామె చెప్పె. ఇంకేమీ ఆమెకీ తెలీదు. ఎప్పుడన్నా కనబడితే మాట్లాడాల కదా, ఆ యమ్మకి తమిళం రాకపోతే?"

మర్నాడే చర్చికి వెళ్ళాను. అరగంటలో పేజీ దొరికింది. బిడ్డ పేరు సరిపోయింది, అనాథాశ్రమం పేరు సరిపోయింది, తండ్రి తెలియదు. తల్లి గడిలో మాత్రం ఇగ్నోత లేదు. మా అవ్వ పేరు ఉంది. పక్కనే మా తాత పేరు రాసి, అతని విధవ అని, ముత్తియాల్‌పేటలో మా వీధి పేరు. తేదీ చూస్తే తాత పోయిన రెండేళ్ళ తరువాతిది. అంచున చిన్న అక్షరాలతో 'ఆమె కోరిక మీదనే' అని ఇంకో చెయ్యి రాసింది. అప్పుడు ఆ మాటల మీద నా చూపు నిలవలేదు.

మొదట నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. సిగ్గుపడకుండా రాస్తున్నాను. మా అక్కకు తలనీళ్ళు పోయించిన మనిషి, వీధిలో నవ్విన కోడళ్ళను కూడా వదలని మనిషి, ఇదా నీ సంగతి అనుకున్నాను. ఆ సంతోషం వెనకే భయం పట్టుకుంది. ఇంట్లో మా తమ్ముడికి సంబంధం ఖాయమై పత్రికలు అచ్చుకు ఇచ్చి ఉన్నారు. అరవై దాటిన నాన్నకు ఇప్పుడు ఒక చెల్లెలు పుట్టుకొస్తే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? పది నిమిషాలో, గంటో, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. చివరకు నా చెయ్యి తనకు అలవాటైన మాటే రాసింది. మాతెర్: ఇగ్నోత.

పెద్దసారు కళ్ళద్దాలు సరిచేసుకుని నా కాగితం చదివి, పాపం అని, సంతకం పెట్టారు. ఆ వారంలోనే బాహూరు ఆమె వచ్చి కాగితం అందుకుంది. తల్లి ఎవరో తెలియదని ఉందని నేనే చదివి చెప్పాను. రాసింది నేనే కదా, తడుముకోకుండా చెప్పగలిగాను. ఆమె ఆ మాట ఏ గడిలో ఉందో వేలు పెట్టి చూపించమని అడిగింది. చూపించాను. దాని మీద ఆమె బొటనవేలితో రెండుసార్లు రుద్దింది, మరక ఏదైనా ఉండి కింద పేరు దాగుందేమో అన్నట్టు. ఆ రోజు ఆమెను అత్తా అని పిలవడానికి నోరు రాలేదు. మీరు, మీరు అంటూ సాగనంపాను.

సాయంత్రం చెప్పులు విడుస్తుండగానే అవ్వ అడిగింది. ఎవరూ రాలేదవ్వా అన్నాను.

ఇన్నాళ్ళూ ఆమె ఎందుకు అడుగుతోందో నాకు ఆ సాయంత్రమే అర్థమైందనుకున్నాను. దొంగకు భయం ఉంటుంది కదా, తన గుట్టు మోసుకొచ్చే మనిషి ఎప్పుడు ఆ ఆఫీసు మెట్లెక్కుతుందో అని కాపలాకు నన్ను పెట్టుకుంది, అదీ నా లెక్క. నాకు ఆమె మీద కసి. కసి తీర్చుకోవడానికి చేతిలో ఒక ఆయుధం ఉంది, దాన్ని పూర్తిగా దూయకుండా అప్పుడప్పుడూ మొన చూపించడంలో ఒక రుచి కూడా పడింది. ఒక సాయంత్రం ఆమె మామూలుగా అడగగానే, ఏందవ్వా, నీ కోసం ఎవరన్నా రావాల్సి ఉందా అని నవ్వుతూ ఆమె కళ్ళలోకి చూశాను. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. నేను మాత్రం కడుపునిండా తిన్నాను, అక్కా, ఇది నీ కోసం అనుకుంటూ.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. తమ్ముడి పెళ్ళయింది. అవ్వ మంచం పట్టింది. పీట ఖాళీ అయినా ప్రశ్న ఆగలేదు, మంచం మీద నుంచే అడిగేది, నేను లేదనే చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ, గంజి తాగించి మూతి తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో ఇంకా బలముంది.

"నిజం చెప్పు పాపా, ఒక్కతె కూడా రాలేదా? నాకో ఆడబిడ్డ ఉండాది. సిస్టర్ల కాడ ఇచ్చేసినా. పేరు రాయొద్దులేమ్మా, మానం పోతాదని ఆ చర్చి సామి అన్నాడు. రాయండి సామీ, బిడ్డ పెద్దదై ఎతుక్కుంటే దొరకాల కదా అంటి నేను. ఆ బుక్కులు చదివే కాడికి నిన్ను పంపిస్తే, వచ్చినప్పుడు నువ్వు చూస్తావనుకుంటి."

అప్పుడు గుర్తొచ్చాయి ఆ అంచున ఉన్న మాటలు. ఆ కాలంలో బిడ్డను వదిలిన ప్రతి తల్లీ పేరు దాచుకుంటే, ఊరందరికీ భయపడవలసిన ఒక ఇరవై నాలుగేళ్ళ విధవ, తనను పట్టించే సాక్ష్యాన్ని తానే అడిగి రాయించింది. అరవై ఏళ్ళు ఎదురు చూసింది. ఆ గడప పక్కన పీట వేసుకుని కూర్చున్నది ఎవరి కోడలు నవ్విందో వినడానికి కాదేమో. మరి మా అక్కను ఎందుకు అలా చేసిందని అడగాలనుకున్నాను, అడగలేదు. తనకు తాను వేసుకున్న శిక్షను అందరికీ పంచిందో ఏమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె చేసిన క్రూరత్వం దీంతో చెరిగిపోతుందని కూడా నేననను.

అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. అవ్వ ఆ తరువాత మూడు రోజులు బతికింది, స్పృహతోనే. బాహూరు ఒక్క బస్సు దూరం. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి తీసుకొచ్చి ఆ మంచం పక్కన నిలబెట్టవచ్చు. కానీ తీసుకురావాలంటే, వచ్చినామెను నేనే తిప్పి పంపానని ఇద్దరి ముందూ ఒప్పుకోవాలి. నాకు అవ్వ చావు కంటే అవ్వ నా వైపు చూడబోయే చూపంటే ఎక్కువ భయమేసింది. లేదవ్వా, ఎవరూ రాలేదు అని మళ్ళీ అన్నాను. ఆమె నా మణికట్టు వదిలేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మూడు రోజులూ ఇక నన్ను ఏమీ అడగలేదు.

పదహారో రోజు కర్మ అయిన మర్నాడు బాహూరు వెళ్ళాను. ఆఫీసు కాగితాల్లో చిరునామా ఉంది, చెరువు కట్ట కింది వీధి. ఆమె వాకిట్లో వడ్లు ఆరబోసి, వాటి మధ్య నెమ్మదిగా నడుస్తూ కాలితో కలబెడుతోంది. నన్ను చూసి ముఖం వికసించింది. రా పాపా రా, ఇంత దూరం వచ్చినావా, కూర్చో, మజ్జిగ తెస్తా అంది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాను. తల్లి పేరు, మా ఇల్లు, నేను రాసిన అబద్ధం, ప్రతి సాయంత్రం అవ్వ అడిగిన మాట, ఆ మూడు రోజులు, అంతా.

ఆమె కాలు వడ్లలో ఆగింది.

"ముత్తియాల్‌పేటలోనా? ఒక బస్సే కదా," అంది. మళ్ళీ, "నన్ను అడిగిందా? దినామూ అడిగిందా?" అంది.

అవునన్నాను. ఆ కాగితం దిద్దించి తెస్తానని, పెద్దసారుతో చెప్పి అసలు పేరుతో కొత్తది రాయిస్తానని గబగబా ఏదేదో అన్నాను.

"దిద్ది ఎవురికి చూపించేది?"

ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నేను నిలబడే ఉన్నాను. ఆమె మళ్ళీ వడ్లు కలబెట్టడం మొదలుపెట్టి, ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి, నా ముఖం చూడకుండా ఒక్క మాట అంది.

"పో."

మన ఇళ్ళలో ఎంత కోపమున్నా గడప దాటే మనిషిని పోయిరా అంటాం. తెలుగువాళ్ళమైనా తమిళులమైనా ఇక్కడ అదే అలవాటు. ఆ రెండో సగం వస్తుందేమోనని వీధి మలుపు దాకా చెవులు వెనకే పెట్టుకుని నడిచాను.

పెద్దసారుకు నిజం చెప్పి ఆ నెలలోనే ఉద్యోగం మానేశాను. ఆయన, పాఠాలు చెప్పేటప్పుడు నాకు ఇచ్చే టీ గ్లాసును నా చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశారు. ఆయనా పోయారు. ఆ ఆఫీసు ఇప్పుడు పసుపురంగు గోడల కాఫీ హోటలు, మేము కాగితాలు పరిచిన బల్ల దగ్గర కుర్రాళ్ళు ఫోటోలు దిగుతున్నారు. చర్చి రిజిస్టర్లన్నీ ఫోటోలు తీసి కంప్యూటర్లో పెట్టారు. పోయిన ఏడాది మా అక్క మనవరాలిని తోడు తీసుకుని వెళ్ళి, ఏదో సాకు చెప్పి, ఆ పేజీ తెర మీద చూశాను. అవ్వ పేరు నల్లగా, నిండుగా, అంచున ఆ రెండు మూడు మాటలతో సహా ఉన్నది ఉన్నట్టు ఉంది. ఇప్పుడు ఏ తల్లి పేరు కోసం వచ్చినవాళ్ళయినా పేజీని తమ కళ్ళతోనే చూసుకోవచ్చు, మధ్యలో నాలాంటి చెయ్యి అక్కర్లేదు. ఇది మంచి మార్పే, కాదని ఎలా అంటాను? కాకపోతే ఈ మార్పు బాహూరు ఆమెకు ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిందని ఆ తెర ముందు నాకు తెలిసొచ్చింది.

ఇప్పుడు ఆ గడప పక్కన సాయంత్రాలు కూర్చునేది నేను. అవ్వ పోయాక అక్క ఈ ఇంటికి వస్తూ పోతూ ఉంటుంది, మనవరాలు ఇక్కడే ఉండి చదువుకుంటోంది, తలనీళ్ళ బావిని పూడ్చి తులసికోట కట్టారు. బాహూరు ఆమె ఉందో లేదో, ఉంటే ఎనభై దాటి ఉంటుంది. బాహూరు బస్సు ఇప్పటికీ మా వీధి చివరే ఆగుతుంది. ఎన్నోసార్లు ఆ స్టాపు దాకా నడిచి తిరిగొచ్చేశాను, ఆమె నన్ను పో అంది గానీ రమ్మనలేదు కదా.